పాత నావకు క్రొత్త తెరచాప

నదీతీరమున పుట్టి, నదీతీరమున మెట్టి, ఆ నదీజలమునే త్రాగి జీవించు స్త్రీలలో నావను నడపనేర్చినవారెందఱు? బిందె ముంచుటకును, కార్తికమాసమున దీపము విడుచుటకును, పుష్కరములలో మునుగుటకును నది మనకు చిరపరిచితమే. కాని దానిని దాటవలసి వచ్చినపుడు మాత్రము బిడ్డను చంకనిడుకొని, కన్నులు మూసికొని, భగవన్నామమును స్మరించుచు బల్లమీద కూర్చుందుము. గాలి యెటు వీచుచున్నదో, చుక్కాని పట్టినవాడేమి చేయుచున్నాడో మనకక్కఱలేదు. భారతములో సత్యవతి యమునపై నావ నడపి బాటసారులను దాటించినది. ఆ కథను మనమందఱమును చదివినవారమే. అయినను తెడ్డు పట్టుట మనకు తగదని యెట్లో మనసున నాటుకొన్నది.

గౌతమీతీరమున, యానామునకు కొంత యెగువను మా గ్రామమున్నది. మా వారు ఉన్నత పాఠశాలలో ఉపాధ్యాయులు. గడచిన రెండు సంవత్సరములలో మా యత్తగారు, మేమిరువురము, పదుమూడేండ్ల మా అమ్మాయి, పదేండ్ల మా అబ్బాయి కలసి యొక పాత తెరచాప నావను బాగుచేసి, దానిని నడుపుట నేర్చుకొంటిమి. ఇందు మాకు తెలియవచ్చిన విషయములు సోదరీమణులకు పనికివచ్చునని తలచి యిచట వ్రాయుచున్నాము.

తెరచాపల నాటి మాట

ఆంధ్రులకు నావ క్రొత్తది కాదు. శాతవాహనులు రెండు స్తంభముల ఓడబొమ్మతో నాణెములు వేయించిరి. కాకతీయ గణపతిదేవుడు 1244వ సంవత్సర ప్రాంతమున మోటుపల్లి రేవున శాసనము వేయించి, గాలివానకు కొట్టుకొనివచ్చి దరిజేరిన ఓడల సరకును రాజు హరింపడనియు, న్యాయమైన సుంకము మాత్రమే పుచ్చుకొనుననియు వర్తకులకు అభయమిచ్చెను. శ్రీనాథుడు హరవిలాసమును అంకితమొసగిన అవచి తిప్పయసెట్టి సముద్రవ్యాపారము చేసిన వర్తకుడే.

మా ప్రాంతమునకు వత్తుము. కోరంగి యొకప్పుడు ఓడలు కట్టుటకును, పాతవానిని మరమ్మతు చేయుటకును పేరొందిన రేవు. 1789లో నొకమాఱు, 1839 నవంబరులో మఱొకమాఱు తుపానును ఉప్పెనయు వచ్చి యా పట్టణమును ముంచివేసినవి. ఆ పిదప అది మఱి కోలుకొనలేదు. 1847లో ఆరంభించి 1852 నాటికి కాటన్ దొర ధవళేశ్వరమున ఆనకట్ట పూర్తిచేయించినపుడు, కాలువలు పొలములకు నీరిచ్చుటయే గాక పడవలకు బాటలును అయినవి. కాకినాడనుండి యేలూరుమీదుగా కృష్ణను దాటి, కొమ్మమూరు కాలువలోనుండి బకింగుహాము కాలువలో ప్రవేశించి, చెన్నపట్టణమువఱకు పడవమీదనే పోవుచుండిరి. గాలి యనుకూలమైన తెరచాప, కానిచో గట్టువెంట త్రాటితో లాగుట. తరువాత రైలు వచ్చెను, లారీలు వచ్చెను, యంత్రపు పడవలు వచ్చెను. 2002లో యానాము–ఎదుర్లంకల నడుమ వారధి తెఱచినపిమ్మట మా రేవున తెరచాప కనబడుటయే అరుదైపోయినది.

మా నావ సంగతి

మా మామగారు కొబ్బరికాయలును ధాన్యమును చేరవేయుటకు కట్టించిన నావ యిది. ఇరువదినాలుగడుగుల పొడవు, ఆఱడుగుల వెడల్పు, ఒక్క స్తంభము. పని లేకపోయిన తరువాత నది గట్టున పాకక్రింద బోర్లింపబడి, కోళ్ళకు నివాసమైనది. వంటచెఱకునకు కొందుమని యొక కలప వర్తకుడు రెండుమాఱులు వచ్చెను. మా యత్తగారు అమ్మనీయలేదు, నీటిలో దింపనీయనులేదు. ఆమె తమ్ముడు పందొమ్మిదేండ్ల వయస్సున ఇట్టి నావయే తలక్రిందులై గౌతమిలో పోయినాడు. భర్త చేయించిన వస్తువగుటచే నావను పోగొట్టుకొనలేదు. తమ్ముని మ్రింగిన జాతిది యగుటచే దానివంక చూడనులేదు.

ఇట్లుండగా 2018 జూలైలో పశువుల్లంకయొద్ద నాటుపడవ మునిగి, బడిపిల్లలు నీటిపాలైరి. ఆ వార్త విన్న రాత్రి మా యింట నెవరును అన్నము తినలేదు. మా వారి పాఠశాలకును లంకలనుండి పిల్లలు పడవమీదనే వచ్చుచుందురు. మఱుసటి యేడు సెప్టెంబరులో కచ్చులూరియొద్ద విహారపు పడవ మునిగి పెక్కుమంది మరణించిరి. అప్పటినుండి మా వారికి ఒకటే చింత. “నీటికి దూరంగా బ్రతికే దారి మన పిల్లలకు లేదు. అలాంటప్పుడు నీరంటే ఏమిటో నేర్పకుండా పంపడం న్యాయమా?” అని తల్లితో ననుచుండిరి. ఆ మాట ఏండ్లకొలది నానినది. చివర కామె యొక నియమముతో నొప్పుకొనిరి: ఇంటిలోని వారందఱును ఈత నేర్చిన తరువాతనే నావ నీటిని తాకవలెను.

పిల్లలు ఎండు సొరకాయబుఱ్ఱలు కట్టుకొని చెఱువులో మూడు వారములలో నేర్చిరి. మాకు రెండు నెలలు పట్టినది. తెల్లవాఱుజామున మఱి నలుగురు స్త్రీలతో గూడి దిగుచుంటిమి. మొదట తెలిసిన సంగతి యేమనగా, తడిసిన చీర కాళ్ళకు చుట్టుకొని మనిషిని క్రిందికి లాగును. ఈత వచ్చినవారిని సైతము అది కట్టివేయును. కావున నీటిపని చేయు వేళ సల్వారు వంటి దుస్తులే ధరింపవలెనని మేము నిశ్చయించుకొంటిమి. నలుగురు నాలుగు మాట లనిరి. పిమ్మట వారిలో నిద్దఱు మాతోడనే ఈతకు వచ్చిరి.

నావను బాగుచేయుట

మాకు గురువు డెబ్బదియైదేండ్ల వృద్ధుడు. మా మామగారి కాలమున ఈ నావకే సరంగు. మేమందఱమును ఆయనను సరంగుతాత యని పిలుతుము. ఆయన మొదట చేసిన పని, చిన్న సుత్తితో నావ పొడవునను తట్టుచు చెవియొగ్గి వినుట. మంచి కఱ్ఱ ఖంగున పలుకును. పుచ్చినది బొద్దుగా మ్రోగును. అనుమానమున్నచోట కత్తిమొన గ్రుచ్చి చూచును. “ఉప్పునీటికి కర్ర చెడదమ్మా, వాననీరు నిలిస్తే చెడుతుంది” అని ఆయన చెప్పినపుడు మేమాశ్చర్యపడితిమి. అది నిజమే. కఱ్ఱను కుళ్ళించు బూజు మంచినీటి తడియందు పెరుగును. ఉప్పు దానికి గిట్టదు. ఉప్పునీట పగ వేఱొకటి: కఱ్ఱలో సొరంగములు త్రవ్వు ఓడపురుగు. అందుకే పూర్వులు అప్పుడప్పుడు నావను గట్టుకెక్కించి, అడుగును గడ్డిమంటతో సెగచూపి, నూనె పట్టించుచుండిరి.

పదునొకండు పలకలు మార్చవలసి వచ్చినది. పలకలకు టేకు, లోపలి వంపుకొయ్యలకు తుమ్మ. తుమ్మచెట్టు సహజముగా వంకర తిరిగి పెరుగును గనుక కావలసిన వంపునకు సరిపోవు కొమ్మను వెదకి తెచ్చి చెక్కుదురు. తిన్నని కొయ్యను కోసి వంకర చేసినచో నార తెగి బలము పోవును. ఇనుప మేకులు త్రుప్పుపట్టి, ఆ త్రుప్పు చుట్టునున్న కఱ్ఱనుగూడ తినివేసి యుండెను. కావున పూతపూసిన మేకులు వాడితిమి.

పలకల సందులు పూడ్చుట మా వంతునకు వచ్చినది. దూదిని వదులుగా పేని, సందులలో ఉలివంటి మొండి పనిముట్టుతో దట్టించి, గుగ్గిలమును నూనెతో కాచి ఆ వేడిముద్దను పైని మెత్తవలెను. గుగ్గిలము పాకమువంటిది. లేతదైన ఎండకు కారిపోవును. ముదిరిన పెళుసై రాలిపోవును. చల్లని నీటిలో నొక చుక్క వేసి వ్రేలితో నొక్కినపుడు వంగవలెను గాని విఱుగరాదు. అరిసెల పాకము చూచు చేతికి ఇది కష్టము కాదు. సరంగుతాత మా పాకము చూచి, “ఇన్నాళ్ళూ ఈ పని మగవాళ్ళకెందుకిచ్చామో!” అనెను.

దూదిని మితిమీఱి దట్టింపరాదు. ఎండిన పలకలు నీటబడగానే ఉబ్బును. వేసవిలో సందులు విడిన తలుపు తొలకరికి బిగిసిపోవుట మన మెఱిగినదే గదా. నావను దింపిన మొదటి రెండు దినములు నీరు ఊఱుచునే యుండెను. పిల్లలు చెంబులతో తోడి పోయుచుండిరి. మూడవనాటికి పలకలు బిగిసి, ఊట దానంతట అదియే నిలిచిపోయెను.

తెరచాప కుట్టుట మా యత్తగారు పూనుకొన్నారు. కిత్తానుగుడ్డ పట్టాలను ఒకదానిపై నొకటి అంగుళము మేర మడచి రెండు వరుసల కుట్టు వేయవలెను. దారమునకు తేనెమైనము పట్టించిన నీటికి చీకదు. అంచు చుట్టును త్రాడు పెట్టి గుడ్డతో కలిపి కుట్టుదురు. గాలి బలమును మోయునది గుడ్డ కాదు, ఆ త్రాడే. మూలలలో మూడు నాలుగు మడతల గుడ్డ వేయవలెను. తెరచాప దుప్పటివలె పలకగా నుండరాదు; నడుమ కొంచెము బొజ్జ వచ్చునట్లు పట్టాల అంచులను స్వల్పముగా వంపుతో కత్తిరింపవలెను. రవికెకు వంపు కత్తిరించువారికి ఈ మర్మము వేఱుగ చెప్పనక్కఱలేదు. అడుగుభాగమున అడ్డముగా రెండు వరుసల చిన్నత్రాళ్ళు కుట్టితిమి. గాలి హెచ్చినపుడు తెరచాపను ఆ మేరకు చుట్టి కట్టి కుదించుటకవి. ఈ పని యంతయు ఆమె మాఱుమాటాడక చేసిరి. నావయొద్దకు మాత్రము రాలేదు.

గాలిని తెలిసికొనుట

గాలి వెనుకనుండి వీచిన నావ ముందునకు పోవుట సహజము. కాని ప్రక్కగాలికిని, కొంత యెదురుగాలికిని గూడ నావ ముందునకెట్లు పోవును? మా అబ్బాయి కీ సందేహము తీఱలేదు. మా వారు తడిసిన చింతగింజ నొకదానిని రెండు వ్రేళ్ళ నడుమ నొక్కి చూపిరి. వ్రేళ్ళు ప్రక్కలనుండియే నొక్కినవి. గింజ ముందునకు దూకినది. అట్లే గాలి తెరచాపను ఒక ప్రక్కనుండి నొక్కును. నీటిలోని అడుగుదూలమును చుక్కానియు రెండవ ప్రక్కకు జాఱనీయక అడ్డగించును. ఆ రెంటి నడుమ చిక్కిన నావ ముందునకు సాగును. అయితే గాలికి సూటిగా నెదురు పోవుట యే నావకును శక్యము కాదు. కుడికి కొంతదూరము, ఎడమకు కొంతదూరము ఏటవాలుగా పోవుచు, గొలుసుకుట్టువలె మెలికలు తిరిగి గమ్యము చేరవలెను.

మా యేటిలో గాలికి తోడు పోటుపాటులును కలవు. సముద్రపు పోటు దినమునకు రెండుమాఱులు వచ్చును. అమావాస్య పూర్ణిమలకు హెచ్చుగను, అష్టమి ప్రాంతములకు తక్కువగను ఉండును. నేటి పోటు వేళకంటె రేపటిది రమారమి రెండు ఘడియలు ఆలస్యము. కనుక పంచాంగము చూడనేర్చిన స్త్రీ పోటు వేళను లెక్కకట్టగలదు. ఉదయమున పాటుతో దిగువకు జాఱి, మధ్యాహ్నము సముద్రపు గాలి లేచినపుడు తెరచాప యెత్తి యెగువకు తిరిగివచ్చుట మాకు వాడుకయైనది.

సరంగుతాత నేర్పిన ధర్మములలో అన్నిటికంటె ముఖ్యమైన దొక్కటి. తెరచాప క్రింది మూలనుండి వచ్చు త్రాటిని ఎన్నడును నావకు ముడివేయరాదు. చేత పట్టుకొని యుండవలెను. చేయి నొచ్చిన కొయ్యకు ఒక చుట్టు త్రిప్పి పట్టవలెను గాని కట్టరాదు. గాలి యొక్కసారిగా విసరినపుడు ఆ త్రాడు విడిచినచో తెరచాప రెపరెపలాడి గాలిని జాఱవిడుచును. కట్టియున్నచో నావ ఒరగి నీరు త్రాగును.

చైత్రమాసాంతమున నొక సాయంకాలము ఆ ధర్మము మాకు పరీక్షకు వచ్చినది. తిరిగివచ్చుచుండగా గాలి చప్పున నిలిచిపోయెను. పడమట మబ్బు నల్లనై లేచెను. సరంగుతాత తెరచాప దింపుటకు లేచునంతలోనే గాలి విసరెను. చుక్కానియు త్రాడును మా అమ్మాయి చేతిలో నున్నవి. నావ ఒరగి అంచు నీటికి జానెడు దూరమునకు వచ్చినది. తాత కేకవేసెను: “తాడు వదిలెయ్యమ్మా! చుక్కాని అవతలకి తొయ్యి!” పిల్ల వెంటనే విడిచినది. తెరచాప చెవులు బ్రద్దలగునట్లు కొట్టుకొనెను. నావ ముఖము గాలివైపు తిరిగి తిన్నగా నిలిచెను. తెరచాప దించి, లంగరు వేసి, వాన తగ్గువఱకు అందఱమును అడుగున కూర్చుంటిమి. తేలుచొక్కాలు అందఱకును ఉన్నవి; మొదటినాటినుండియు అవి లేక నావ నెక్కువాడుక మాకు లేదు.

మేము రేవు చేరునప్పటికి చీకటి పడినది. మా యత్తగారు వానలో తడిసి మెట్లమీద నిలుచుండిరి. ఆమె నావయొద్దకు వచ్చుట అదియే మొదటిసారి. కోపపడుదురని తలచితిమి. ఆమె మనుమరాలి చేతులు పట్టుకొని, త్రాడు ఒరసికొని యెఱ్ఱనైన అరచేతిని చూచి, “తాడు ఎవరు వదిలారే?” అని యడిగిరి.

“నేనే మామ్మా.”

“ఆ రోజు మా తమ్ముడి పడవలో తాడు కట్టేసి ఉంది. విప్పుదామంటే ముడి బిగుసుకుపోయిందట. పక్కనున్నవాడు బ్రతికివచ్చి చెప్పాడు” అని మాత్రము అనిరి. ఇన్నేండ్ల కాపురములో ఆ మాట ఆమె నోట మేమెన్నడును వినలేదు. తరువాతి కార్తికపూర్ణిమనాడు ఆమె తానే నావ నెక్కి, నడియేట దీపము విడిచిరి.

కొన్ని సూచనలు

తెరచాప నావ అందఱకును లభించునది కాదు. కాని యేటిని దాటు ప్రతి స్త్రీయు తెలియవలసిన విషయములు కొన్ని కలవు. నావలో నడుమను, క్రిందను కూర్చుండవలెను. అందఱును ఒకేసారి లేచి ఒక ప్రక్కకు పోరాదు. బరువు పైకెక్కిన కొలది నావ తేలికగా బోర్లపడును. తేలుచొక్కా యిచ్చిన తొడిగి ముడులు బిగింపవలెను. ఒడిలో పెట్టుకొనిన ప్రయోజనములేదు. నావలో మితిమీఱి జనము నెక్కించిన, ఎంత పనియున్నను దిగిపోవలెను. పడమట నల్లమబ్బు లేచి గాలి నిలిచిన, రేవు విడువరాదు. దైవవశమున నావ బోర్లపడినచో దానినే పట్టుకొని తేలుచుండవలెను. కఱ్ఱనావ మునిగినను పూర్తిగా అడుగంటదు. గట్టు దగ్గఱగా కనబడుచున్నదని ఈదబోయి అలసి మునిగినవారు పెక్కురు. అన్నింటికంటె మున్ను, ఆడపిల్లకు ఈత నేర్పవలెను.

ఇది స్త్రీలకు సాధ్యమా యని శంకించువారికి ఒక్క నిదర్శనము చాలును. 2017 సెప్టెంబరు 10వ తేదీన మన నౌకాదళమునకు చెందిన ఆఱుగురు స్త్రీలు ‘తారిణి’ యను తెరచాప నావలో గోవానుండి బయలుదేరి, భూగోళమును చుట్టి, 2018 మే 21వ తేదీన 254 దినములకు తిరిగివచ్చిరి. ఆ నావ పొడవు ఏబదియైదడుగులు. నాయకురాలు వర్తికా జోషి. ఆ ఆఱుగురిలో విశాఖపట్టణపు స్వాతియు, హైదరాబాదు వాసురాలైన బొడ్డపాటి ఐశ్వర్యయు మన తెలుగు ఆడపడుచులే. తిరుగుప్రయాణమున చుక్కాని త్రిప్పు సాధనము చెడగా మారిషస్ దీవి రేవున నాగి బాగుచేయించుకొని మఱల సాగిరి. 2024 అక్టోబరులో అదే నావపై దిల్న, రూప అను ఇరువురు స్త్రీలే బయలుదేరి 2025 మే మాసమున ప్రదక్షిణము ముగించిరి.

మా నావ సముద్రము చూడబోదు. యానాము దిగువవఱకు పోయి వచ్చుటయే దాని యాత్ర. అయినను మా వారి పాఠశాలలోని లంకపిల్లలు పన్నిద్దఱు ఇప్పుడు ఆదివారములందు సరంగుతాతయొద్ద నావ నడుపుట నేర్చుకొనుచున్నారు. అందు ఏడుగురు బాలికలు. ఆయన తరువాత ఈ విద్య మా రేవున నిలుచునా యనిన, వారివలననే నిలువవలెను. నది మనకు తల్లి యందుము. తల్లి స్వభావము నెఱిగి మెలగుట బిడ్డల ధర్మము. నదీతీరముల కాపురముండు సోదరీమణులు ఈ వేసవి సెలవులలోనైనను తమ బిడ్డలను, వారితోబాటు తమ్మును, నీటికి పరిచయము చేసికొందురుగాక.